అనకార్డియం యాక్సిడెంటల్ కాదు బాబూ: శాస్త్రీయ నామాలు విడదీసి పలకడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో బైపీసీ పిల్లలకి బోటనీ చెబుతుంటాను. టెక్కలి, పలాస, పాలకొండ, ఇటు రాజాం, చీపురుపల్లి నుంచి కూడా వస్తారు. ఏ ఊరి పిల్లలైనా మొదటి నెలలో ఒకటే మాట: "ఏటి సార్ ఈ పేర్లు, నోరు తిరగట్లేదు." ఏటా అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. పిల్లలతో పాటు టీచర్లకి, తేలినీలాపురం పక్షుల దగ్గర బోర్డులు చూసి తడబడే పెద్దలకి కూడా పనికొస్తుంది.

ఈ పేర్లు అసలు ఏ భాషవి? లాటినా, గ్రీకా, ఇంగ్లీషా?

చొక్కా లాటిన్‌ది. లోపల ఉన్నది ఎవరైనా కావచ్చు. గ్రీకు మాటలు బోలెడు. అరబ్బీ, పోర్చుగీసు, సింహళం ఉన్నాయి, సంస్కృతం ఉంది, మనుషుల ఇంటిపేర్లు ఉన్నాయి. మొక్కలకి 1753లో, జంతువులకి 1758లో వచ్చిన, స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకాలతో ఈ రెండు మాటల పేర్ల పద్ధతి స్థిరపడింది. ఏ భాష మాటనైనా లాటిన్ వ్యాకరణంలో పెట్టి, లాటిన్ తోక తగిలించి వాడతారు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: ఇవి ఇంగ్లీషు మాటలు కావు. మన పిల్లల తిప్పలన్నీ వీటిని ఇంగ్లీషులా చదవబోవడం వల్లే. ఇంగ్లీషులో మాట చివర వచ్చే "ఈ" అనే అక్షరం పలకదు, ఇక్కడ పలుకుతుంది. జీడిమామిడి పేరు అనకార్డియం ఆక్సిడెంటాలే. దాన్ని ఇంగ్లీషు కళ్ళతో చూసిన ఒక కుర్రాడు నిండు క్లాసులో "అనకార్డియం యాక్సిడెంటల్" అన్నాడు. వాడిది పలాస. ఇంటి చుట్టూ జీడితోటలే.

సరైన ఉచ్చారణ అంటూ ఒకటి ఉందా?

లేదు. నామకరణ నియమావళి స్పెల్లింగు గురించి పట్టుబడుతుంది, నోటి గురించి ఏమీ అనదు. లాటిన్ ఇప్పుడు ఎవరికీ అమ్మ మాట కాదు కాబట్టి ఒక్కో దేశం వాళ్ళు ఒక్కోలా పలుకుతారు.

శనగ పేరు తీసుకోండి. ఇంగ్లీషు సంప్రదాయంలో అది సైసర్. రెండువేల ఏళ్ళ కిందటి రోమన్లు పలికినట్టు పలకాలంటే కికెర్. ఇటలీ వాళ్ళ పద్ధతిలో చీచెర్. మూడూ ఒకే స్పెల్లింగు. రోమ్‌లో గొప్ప వక్త సిసిరో ఇంటిపేరు ఈ శనగ నుంచే వచ్చిందంటారు, ఆయన కాలం వాళ్ళు మాత్రం ఆయన్ని కికెరో అనే పిలిచారు.

మనం ఇంగ్లీషు ద్వారా నేర్చుకున్నాం కాబట్టి మనకి అలవాటైంది ఇంగ్లీషు సంప్రదాయం. దాన్నే పట్టుకోండి. ఎవరైనా వేరేలా పలికితే నవ్వకండి. అయితే "ఎలా పలికినా ఒకటే" అని కూడా అనుకోవద్దు. హల్లు సకారమా కకారమా అన్నది సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. పేరులో ఎన్ని అక్షరాలు, ఊనిక (అంటే ఒక అక్షరాన్ని కాస్త నొక్కి పలకడం) ఎక్కడ అనేవి మూడు పద్ధతుల్లోనూ దాదాపు ఒకటే. అందుకే నేను ముందు లెక్కపెట్టడం నేర్పుతాను, తరవాతే పలకడం.

పేరులో ఎన్ని అక్షరాలున్నాయో ఎలా లెక్కపెట్టాలి?

ఎన్ని అచ్చులుంటే అన్ని అక్షరాలు. అంతే. ఏ, ఈ, ఐ, ఓ, యూ, వై, ఈ ఆరు ఎక్కడ కనిపించినా కింద పెన్సిల్‌తో చుక్క పెట్టండి. చుక్కలు లెక్కపెట్టండి.

జీడిమామిడి: అ-న-కార్-డి-అమ్, ఐదు. ఆక్-సి-డెన్-టా-లే, ఐదు. చివరి "ఈ" కింద కూడా చుక్క పడింది కదా, అందుకే "టల్" కాదు, "టాలే". అల్లం పేరు చివర కూడా ఇదే తోక: ఒ-ఫి-సి-నా-లే. మందుల కొట్టులో దొరికే సరుకుకి పాతరోజుల్లో తగిలించిన మాట అది.

తెలుగువాళ్ళకి ఇది ఇంగ్లీషువాళ్ళకన్నా తేలిక. మన లిపే అక్షరాల లిపి. "క" అని రాస్తే అందులో అచ్చు ఉండే ఉంటుంది. పద్యాన్ని గణాలుగా విడదీసిన పిల్లలకి ఇది కొత్త విద్యేం కాదు.

రెండు అచ్చులు పక్కపక్కన వస్తే ఒకటిగా లెక్కపెట్టాలా, రెండుగానా?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఏ-ఈ, ఓ-ఈ, ఏ-యూ, ఈ-యూ, ఈ నాలుగు జంటలూ మామూలుగా కలిసిపోయి ఒక్క అక్షరం అవుతాయి. మన ఐ, ఔ లాంటివి. ఇంగ్లీషు సంప్రదాయంలో మొదటి రెండూ ఈకారంగా పలుకుతాయి. వేరుశెనగ పేరు అ-ర-కిస్ హై-పో-జీ-అ. ఆ "జీ"లో ఉన్నది ఏ-ఈ జంట. నేల కింద అని దాని అర్థం, కాయ నేలలోనే ఊరుతుంది కదా. మిగతా జంటలన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఐ-ఏ రెండు, ఐ-యూ రెండు, ఐ-ఐ రెండు, యూ-యూ కూడా రెండే. మిరప పేరులో రెండో మాట యాన్-యు-అమ్, మూడక్షరాలు. పిల్లలు ఒక యూ మింగేసి "యానమ్" అని రాస్తారు, అక్కడే మార్కు పోతుంది. తులసి పేరులో రెండో మాట టె-న్యు-ఇ-ఫ్లో-రమ్, ఐదు.

కలవాల్సిన జంట కూడా ఒక్కోసారి కలవదు. వానాకాలం డెంగీ వార్తల్లో రోజూ వినపడే దోమ పేరే సాక్ష్యం. టీవీ వాళ్ళు "ఏడిస్" అంటారు, వింటుంటే ఎవరో ఏడ్చినట్టుంటుంది. నిజానికి అది మూడక్షరాల మాట: అ-ఈ-డీజ్. గ్రీకులో "హేడోస్" అంటే సుఖం, ముందున్న అ "కాదు" అనే అర్థం ఇస్తుంది, మన అసుఖం, అశాంతి లాగే. అంటే అసహ్యమైనది అని. ఆ అకారం వేరే ముక్క కాబట్టి పక్క అచ్చుతో కలవదు. పాత పుస్తకాల్లో రెండో అచ్చు మీద రెండు చుక్కలు పెట్టి ఈ సంగతి చూపించేవాళ్ళు. అదే దోమ రెండో పేరు ఈ-జిప్-టై. అక్కడ అదే ఏ-ఈ జంట బుద్ధిగా కలిసిపోయింది. ఒకే పేరులో ఒకచోట విడిపోయి, పక్కనే కలిసిపోవడం చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కలబంద కూడా ఇలాంటిదే. సబ్బుల ప్రకటనల్లో "ఆలోవేరా" అని సాగదీస్తారు కానీ మొదటి మాట అ-లో-ఈ, మూడు. మలేరియా దోమ అ-నా-ఫి-లీజ్, నాలుగు. దాని గ్రీకు అర్థం "ఎందుకూ పనికిరానిది". పేరు పెట్టినాయన దోమలు బాగానే కుట్టించుకుని ఉంటాడు.

హల్లుల్ని ఎక్కడ విరగ్గొట్టాలి?

రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లుంటే అది తరవాతి అచ్చుతో పోతుంది. రెండుంటే చెరొకటి. చింత: టా-మ-రిన్-డస్. తాడిచెట్టు: బొ-రాస్-సస్. సిహెచ్, పిహెచ్, టిహెచ్ చూడ్డానికి రెండక్షరాలైనా ఒక్క హల్లే, విడదీయకూడదు. పీ, బీ, టీ, డీ లాంటి వాటి వెనక ఆర్ గానీ ఎల్ గానీ వస్తే ఆ జంట కూడా కలిసే పోతుంది. ఎక్స్ దానికి తిరగేసినది, ఒక్క అక్షరమే గానీ క, స రెండూ అందులోనే. ఎక్కడ విరగ్గొట్టినా పలుకు పెద్దగా మారదు కాబట్టి దీని గురించి టెన్షన్ పడొద్దు. దీని అవసరం ఊనిక దగ్గర వస్తుంది.

ఊనిక ఏ అక్షరం మీద పెట్టాలి?

తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు. అందుకే మన చెవి దాన్ని పట్టించుకోదు. అన్ని అక్షరాలూ సమానంగా, రైలు పెట్టెల్లా లాగేస్తాం. లాటిన్ పేరు బాగా పలికినట్టు అనిపించాలంటే మాత్రం ఒక అక్షరం మీద కాస్త బరువు పడాలి.

ఎక్కడ పడాలో చెప్పే సూత్రం విన్నప్పుడు మీకు నవ్వొస్తుంది. "యమాతారాజభానస" అంటూ పద్యాల కింద గురులఘువులు గుర్తించారు కదా, అదే ఇది. దీర్ఘమున్నది గురువు. ఐ, ఔ లాంటి జంట అచ్చు గురువు. తరవాత రెండు హల్లులొస్తే ముందున్నది గురువు. మిగతావి లఘువులు. రోమన్ కవులు కూడా పద్యాలు ఈ లెక్కమీదే రాశారు.

ఇప్పుడు సూత్రం. చివరి నుంచి రెండో అక్షరం చూడండి. అది గురువైతే ఊనిక దానిమీదే. లఘువైతే ఒక్క మెట్టు వెనక్కి జరిగి మూడోదాని మీద. ఆ అక్షరం గురువైనా లఘువైనా సరే, ఇంకా వెనక్కి వెళ్ళదు. మాటలో రెండే అక్షరాలుంటే మొదటిదాని మీద.

టా-మ-రిన్-డస్: చివరి నుంచి రెండోది "రిన్", దాని వెనక హల్లుల జంట, గురువు. ఊనిక అక్కడే. ఇన్-డి-క: రెండోది "డి", లఘువు. వెనక్కి జరిగి "ఇన్" మీద పడింది. అ-న-కార్-డి-అమ్: రెండోది "డి", వెనకే అచ్చు. అచ్చు ముందున్న ఒంటి అచ్చు హ్రస్వం అని లాటిన్‌లో ఇంకో నియమం, కాబట్టి లఘువు. ఊనిక "కార్" మీద.

మామిడి దగ్గర అందరం తప్పు చేస్తాం. మాంజిఫేరా అని ఫేను సాగదీస్తాం. నేనూ పదేళ్ళు అలాగే చెప్పాను. "ఫెర" అంటే మోసేది, కాసేది. అందులో ఎ హ్రస్వం. కాబట్టి మాన్-జి-ఫె-ర, ఊనిక "జి" మీద. కొబ్బరి కూడా అంతే: కో-కస్ న్యూ-సి-ఫె-ర, ఊనిక "సి" మీద. ఇంగ్లీషువాళ్ళు "న్యూ" అని సాగదీస్తారు గానీ అసలు లాటిన్‌లో అక్కడ ఉకారం కూడా హ్రస్వమే. నుసిఫెర, నాలుగూ లఘువులే. మన లెక్కలో నలం. ఉద్దానం కొబ్బరితోటలో నిలబడి చెప్పుకోడానికి బాగుంటుంది కదూ.

పీ, బీ, టీ, డీ లాంటి వాటి వెనక ఆర్ లేదా ఎల్ వచ్చిన జంట అయితే ముందక్షరం లఘువుగానే ఉండిపోతుంది. వెన్నుపూస మాట వెర్-టె-బ్ర, ఊనిక "వెర్" మీద, "టె" మీద కాదు. మన ఛందస్సులో కూడా రేఫ ఉన్న జంటని తేల్చి పలికితే ముందక్షరం గురువు కాదు అని చదువుకున్నాం. సరిగ్గా ఒకటే నియమం కాకపోయినా ఒక తానులో గుడ్డలే.

అచ్చు దీర్ఘమో హ్రస్వమో స్పెల్లింగులో తెలియదు కదా?

తెలియదు. పుస్తకాల్లో గుర్తు కూడా వెయ్యరు. తోకలు గుర్తుపెట్టుకోవడమే దారి. ఆలిస్, ఆలే, ఆనస్, ఆటా, ఓసా, ఐవా అనే తోకల్లో అచ్చు దీర్ఘం, కాబట్టి ఊనిక తోకమీదే. వరి: ఒ-రై-జ స-టై-వ. గూడబాతు: పె-లె-కే-నస్. ఇకా, ఫెరా, ఫెర్, యులా అనే తోకల్లో హ్రస్వం, ఊనిక తోకకి ముందు పడుతుంది. ఫిల్లమ్, కార్పస్ లాంటి వాటిలో హల్లుల జంట ఉండనే ఉంది, ఆలోచించక్కర్లేదు.

ఐనస్ అనే తోక మాత్రం మోసం చేస్తుంది. లాటిన్ మాటకి తగిలితే మామూలుగా దీర్ఘం, గ్రీకు నుంచి వస్తే చాలాసార్లు హ్రస్వం. మన గోగు పేరు హైబిస్కస్ కన్నాబినస్. జనపనారలాంటిది అని అర్థం. విజయనగరం వైపు గోగునార ఎరిగినవాళ్ళకి ఆ పేరు ఎందుకో చెప్పక్కర్లేదు. కొందరు కన్-నా-బి-నస్ అంటారు, కొందరు కన్-న-బై-నస్ అంటారు. మొదటిది మూలానికి దగ్గర. రెండోది అన్నంత మాత్రాన ఎవరూ జైల్లో పెట్టరు.

మొదట్లో పి-ఎస్, పి-టి వస్తే పి పలకాలా?

ఇంగ్లీషు సంప్రదాయంలో పలకరు. జామ సిడియమ్, ఏగిస టెరోకార్పస్. జి-ఎన్, సి-ఎన్ అన్నా మొదటిది మాయం: నీటమ్, నైడేరియా. ఎక్స్ మొదట్లో ఉంటే జకారం. మాట మధ్యలో వస్తే మాత్రం ఏదీ మాయం కాదు. సీతాకోకచిలుకల క్రమం (ఆర్డర్) లె-పి-డాప్-టె-ర, అందులో పి నిక్షేపంలా పలుకుతుంది.

దీనికి నా దగ్గర ఒక గాయం ఉంది. విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు ప్రాక్టికల్ వైవాలో ఫెర్న్ ఒకటి చూపించి పేరు అడిగారు. "ప్టెరిస్" అన్నాను, పకారాన్ని పూర్తిగా పలికి మరీ. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పక్కాయన్ని చూసి పగలబడి నవ్వారు. చెవులు ఎర్రబడి బయటికొచ్చాను. ఆ ఫెర్న్ ముక్క, తెల్ల పింగాణీ పళ్ళెం, పక్కనే ఎండిపోయిన సాఫ్రనిన్ మరక ఇప్పటికీ కళ్ళముందు ఉన్నాయి. జర్మన్లు ఆ పకారాన్ని చక్కగా పలుకుతారని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. గ్రీకులో ఆ మాటకి పకారం ఉంది కూడా. తెలుగు నోటికి ప్ట, ప్స కష్టం కాదు, ఇంగ్లీషు నోటికే కష్టం. ఇప్పుడు పిల్లలకి "టెరిస్ అనండి, ఎవరైనా ప్టెరిస్ అంటే నోరు మూసుకోండి" అని చెబుతాను.

సి, జి, సిహెచ్ సంగతి?

ఈ, ఐ, వై ముందు సి సకారం, జి జకారం. మిగతాచోట్ల క, గ. రెండు సిలు కలిసి ఐ ముందు వస్తే క్స. నూరువరహాలు పూల పేరు ఇక్సోరా కాక్-సి-ని-అ. సిహెచ్ ఎప్పుడూ క, చ కాదు. క్లోరెల్లా, క్లామిడోమోనాస్ గుర్తుంటే చాలు.

కుటుంబాల పేర్ల చివర ఏమిటా గందరగోళం?

మొక్కల కుటుంబాల తోకలో మూడు అక్షరాలు: ఏ-సి-ఈ. చిక్కుడు కుటుంబం ఫ-బే-సి-ఈ, నాలుగక్షరాలు. మనం "ఫాబేసి" అని చివరి అక్షరం దిగమింగేస్తాం. తెలుగులో రాసేటప్పుడు అలవాటైపోయింది, ఉండనివ్వండి, కానీ ఇంగ్లీషు స్పెల్లింగు రాసేటప్పుడు ఆ మింగేసిన అక్షరం చెయ్యికి కూడా గుర్తురాదు. అందుకే క్లాసులో నాలుగూ పలికిస్తాను.

జంతువుల కుటుంబాల తోక ఇ-డీ. ఇది హ్రస్వం, కాబట్టి ఊనిక దానికి ముందు అక్షరం మీద. నాగుపాము కుటుంబం ఇ-లా-పి-డీ, "లా" మీద. రక్తపింజరి కుటుంబం వై-పె-రి-డీ, "పె" మీద.

చివర రెండు ఐలు ఎందుకు? రెండూ పలకాలా?

అది మనిషి పేరు. "ఫలానా ఆయనది" అనే షష్ఠీ విభక్తి. రెండూ పలకాలి, ఇ-ఐ అని.

రక్తపింజరి పేరు డబోయా రస్-సె-లి-ఐ. పాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో మన పక్కనే విశాఖపట్నంలో ఉండి ఈ తీరం పాముల్ని పరిశీలించాడు. ఏది విషపుదో, ఏది కాదో జనానికి తెలిసేలా చెయ్యాలని ఆయన తాపత్రయం. 1796లో కోరమండల్ తీరం పాముల మీద బొమ్మలతో పెద్ద పుస్తకం వచ్చింది. ఆ మరుసటి ఏడు ఈ పాముకి ఆయన పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆయన పేరు చివర రెండు ఎల్‌లు ఉంటాయి, పాము పేరులో ఒక్కటే. మొదట పెట్టినాయన ఒక ఎల్‌తో రాశాడు, అదే నిలిచిపోయింది. చాలా పుస్తకాల్లో రెండు ఎల్‌లతో కూడా కనిపిస్తుంది, కంగారుపడకండి.

అడ్డాకు సంగతి ఇంకా బాగుంటుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తరిలో భోంచెయ్యనివాళ్ళు మన వైపు అరుదు. ఒక ఆకు చేతిలోకి తీసుకుని చూడండి. కొస దగ్గర మధ్యలో చీలి రెండు తమ్మెలుగా ఉంటుంది, రెండూ ఒక కాడకే అతుక్కుని. దాని పేరు బౌహీనియా వాహ్-లి-ఐ. బావిన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములు, యోహాన్, కాస్పర్, ఇద్దరూ వృక్షశాస్త్రవేత్తలే. ఒక్క ఆకులో జంట తమ్మెల్ని చూసి ఆ ప్రజాతికి, అంటే పేరులో మొదటి మాటకి, వాళ్ళ పేరు పెట్టారు. వాల్ అనేది ఇంకో వృక్షశాస్త్రవేత్త ఇంటిపేరు. ఇప్పుడు కొందరు ఈ తీగని ఫానెరా అనే ప్రజాతిలో పెడుతున్నారు, రెండో పేరు మాత్రం అలాగే ఉంది.

మనుషుల పేర్లని వాళ్ళ భాషలో పలికినట్టే పలికి, తోక మాత్రం లాటిన్‌లా పలకడం మర్యాద. అలా చూస్తే మనకి అతి తేలికైన శాస్త్రీయ నామం ఒక శిలీంద్రానిది: సుబ్-బ-రో-మై-సీజ్ స్ప్లెన్-డెన్స్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు. అమెరికా వాడు తడబడే ఒకే ఒక్క చోట మనవాడు దర్జాగా పలకొచ్చు.

అర్థం ప్రకారం విడదీయడం, అక్షరాలుగా విడదీయడం ఒకటేనా?

కాదు. ఒకటి సంధి విడదీయడం, ఇంకోటి గణవిభజన. రెండూ కలిపేసుకుంటే రెండూ చెడతాయి.

మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు పేరు చూడండి. పలకడానికి లె-పి-డో-కె-లిస్, "కె" హ్రస్వం కాబట్టి ఊనిక "డో" మీద. అర్థానికి మాత్రం రెండే ముక్కలు: లెపిడో అంటే పొలుసు, కెలిస్ అంటే తాబేలు. మధ్యలో ఉన్న ఓకారం జిగురు. గ్రీకు మాటలు రెండు అతకాలంటే మధ్యన ఓ వస్తుంది, లాటిన్ మాటలకి ఇ వస్తుంది. మనం మా అమ్మని మాయమ్మ అన్నప్పుడు మధ్యలో యకారం వచ్చినట్టే. తాడిచెట్టు రెండో పేరు ఫ్ల-బెల్-లి-ఫెర్: ఫ్లబెల్లమ్ అంటే విసనకర్ర, ఫెర్ అంటే మోసేది, మధ్యన ఇ జిగురు. తాటాకు విసనకర్ర మన ఇళ్ళలో ఉన్నదే గదా.

తేలినీలాపురం వచ్చే ఎర్రకాళ్ళ కొంగ పేరు మిక్-టీ-రి-అ ల్యూ-కో-సె-ఫ-ల. రెండో మాట చూస్తే భయం వేస్తుంది. ల్యూకో తెలుపు, సెఫల తల. తెల్లతలది, అంతే. ఊనిక "సె" మీద.

అర్థం తెలిస్తే ఒక్కోసారి కథ కూడా దొరుకుతుంది. ఉద్దానంలో జీడితోటల్లోకి, కొబ్బరితోటల్లోకి వచ్చి జనాన్ని హడలగొట్టే ఎలుగుబంటి పేరు మె-లర్-సస్ అర్-సై-నస్. మెల్ తేనె, అర్సస్ ఎలుగు, అర్సైనస్ ఎలుగులాంటిది. ఎలుగు ఎలుగులాంటిదేమిటి? 1791లో జార్జ్ షా దాని పొడవాటి గోళ్ళు చూసి స్లాత్ అనే జంతువు అనుకున్నాడు. స్లాత్ ప్రజాతి బ్రాడిపస్‌లో పెట్టి "ఎలుగులాంటి స్లాత్" అని పేరు పెట్టాడు. తరవాత పొరపాటు తెలిసి ప్రజాతి మార్చారు. రెండో పేరు మార్చడానికి నియమాలు ఒప్పుకోవు. అలా మన ఎలుగు ఇప్పటికీ ఎలుగులాంటిదిగానే ఉండిపోయింది.

మన దేశం మాటలు ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. నాగుపాము నాజా నాజా, మన సంస్కృత "నాగ". రోమన్ పద్ధతిలో జె యకారం కాబట్టి గట్టి లాటిన్ పండితుడు నాయా అంటాడు, అటు తిరిగీ ఇటు తిరిగీ నాగ మాత్రం అనడు. నూరువరహాల ఇక్సోరాలో ఉన్నది "ఈశ్వర". పోర్చుగీసు వాళ్ళకి ఎక్స్ అంటే షకారం, వాళ్ళు ఈశ్వరని అలా రాసుకున్నారు, మనం దాన్ని ఇంగ్లీషులా చదివి ఇక్సోరా చేశాం. దేవుడి పేరు సముద్రాలు దాటి వచ్చేసరికి మనమే గుర్తుపట్టలేదు. టామరిండస్ అరబ్బీలో "హిందూదేశపు ఖర్జూరం". దాని వెనక మళ్ళీ ఇండికా. చింతపండుకి రెండుసార్లు మన దేశం పేరు చుట్టారు.

తెలుగులో రాసుకుని చదివితే తప్పా?

తప్పు కాదు, మంచిది. అయితే ముందు ఇంగ్లీషు స్పెల్లింగు, దాని కింద తెలుగులో అడ్డగీతలతో, ఊనిక ఉన్న అక్షరం కింద గీత. తెలుగు ఒక్కటే రాసుకుంటే అందులో ఎస్ ఒకటో రెండో, ఐ ఉందో వై ఉందో తెలియదు. పరీక్షలో ఉచ్చారణకి మార్కు లేదు, స్పెల్లింగుకే. మొదటి మాట పెద్దక్షరంతో, రెండోది చిన్నక్షరంతో, రెంటికీ కింద విడివిడిగా గీతలు. ఈ సంగతి తెలియనివాళ్ళు ఉండరు, మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

ఇంట్లో ఎలా సాధన చెయ్యాలి?

చప్పట్లతో. అక్షరానికి ఒక చప్పట్లు, ఊనిక దగ్గర గట్టిగా. మా పిల్లల్ని ఆదివారం పొద్దున్న రైతుబజారుకి సంచీలతో పంపిస్తాను. అమ్మ చెప్పిన కూరలు కొనాలి, ఒక్కోదాని పేరూ విడదీసి రాసుకురావాలి. శనగలు తెస్తే ఒక గింజ చేతిలో పెట్టి చూడమంటాను. మొన దగ్గర చిన్న ముక్కు, రెండువైపులా ఉబ్బు, అచ్చం గొర్రెపోతు మొహం. అందుకే రెండో పేరు ఎ-రి-ఇ-టై-నమ్, గొర్రెపోతుది అని. ఐదు చప్పట్లు, "టై" దగ్గర గట్టిగా.

మొన్న ఒక పిల్ల చోళ్ళు తెచ్చింది. కొట్టువాడు రాగులు అంటే ఆ పిల్ల ఒప్పుకోలేదట, చోళ్ళే కావాలందట. పుస్తకం చూడకుండా ఎ-ల్యూ-సై-ని అని నాలుగు చప్పట్లు కొట్టింది, చివరి ఇ వదల్లేదు. కొ-ర-కే-న దగ్గర ఆగి "ఈ కొరకేన ఏటి సార్?" అంది. సింహళంలో చోళ్ళని కురక్కన్ అంటారు, దానికే లాటిన్ తోక తగిలించారు అని చెప్పాను. "అయితే మనోళ్ళు ముందు పంపించుంటే చోడియా అయ్యుండును" అంది. చో-డి-అ, మూడు చప్పట్లు, ఊనిక "చో" మీద. లెక్క సరిగ్గానే వేసింది. లాటిన్‌లో సిహెచ్ కకారం కాబట్టి కోడియా అని చదివేవాళ్ళు అని నేను చెప్పబోయేలోపే పక్కవాళ్ళంతా కోడి కోడి అని మొదలుపెట్టారు.